అక్కకు మూడో నంబరు

మా కేబుల్‌వాడు ఉన్నట్టుండి తెలుగు చానళ్లన్నీ తీసేశాడు. అడగబోతే, "ఈ వీధిలో తెలుగు ఎవరు చూస్తారు పెద్దాయనా?" అన్నాడు తమిళంలో. ముత్తాతల నాటి నుంచి ఈ చెన్నపట్నంలోనే ఉన్న మమ్మల్ని పట్టుకుని అనే మాటా అది!

మంట నాదే కానీ కష్టం మా అక్కది. ఎనభై దాటిన మనిషి. వెనక వాకిట్లో పెయింటు డబ్బాల్లో వంగ, బెండ పెంచుతుంది. తెలుగు చానళ్లు పోయిన తర్వాత కొత్తగా మొదలై, సాయంత్రం ఆరున్నర నుంచి గంటసేపు వచ్చే పంటల కార్యక్రమమే ఆమె చదువు. దానికోసం మోకాళ్లు పట్టుకుని రెండంతస్తులు ఎక్కి, సొంత డిష్ ఉన్న పైవాళ్లింటికి పోయేది. ఏడు కాగానే ఆ ఇంటావిడ సీరియల్ పెట్టేసేది. అక్క మెట్లు దిగి వచ్చేది.

మిద్దె మీద ఒక డిష్, ఆ సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే ట్యూనర్ కార్డు, ఇంట్లో టీవీలకు పంచే సర్వర్ ఉంటే ఉచిత చానళ్లు మనమే పట్టుకోవచ్చని చదివాను. అంబత్తూరులో పనిచేసే మా అబ్బాయితో చెప్తే నవ్వాడు.

"సుమ్మా ఉండు నాయనా, ఊరికే తంటాలు పడకు. నువ్వు చదివింది ఎనిమిది. దీనికి ఇంజినీర్లే తల పట్టుకుంటారు."

"ఆ పుస్తకాలు ఆళ్లకొక్కరికే అచ్చేసినారా ఏంది?" అన్నాను.

సౌకార్‌పేట ధాన్యం మండీలో నలభై ఏళ్లు కొలత వేసినవాణ్ణి. గోనెసంచుల మీది ముద్రలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. పాత కంప్యూటరొకటి తెప్పించి, నిఘంటువు పక్కన పెట్టుకుని పదిహేను రోజులు కూర్చున్నాను. చానళ్లు కుప్పలుగా దొరికాయి. గోల చేసేవన్నీ ఏరేసి పన్నెండు ఉంచాను. అక్కకు చూపు ఆనదు, రిమోట్ మీద అంకెలు తడిమి నొక్కుతుంది. అందుకే పంటల చానల్‌కు, పై వరుస చివర సులువుగా దొరికే మూడో నంబరు ఇచ్చాను.

మొదటి సాయంత్రం అక్క మూడు నొక్కింది. తెర కింద పంటల కార్యక్రమం అని పేరు వచ్చింది. తెర మీద మాత్రం ఒక పూజారి హారతి ఇస్తున్నాడు.

"సైంటిస్టు వస్తాడంటివి, ఈయనెవురురా గంట కొడతా ఉండాడు?" అంది అక్క. మా అబ్బాయి గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. అక్క మళ్లీ మెట్లెక్కింది.

మూడు రోజులు యంత్రాన్ని తిట్టాను. నాలుగో రోజు, చానళ్లకు నంబర్లు వేసి సర్వర్‌కు ఇచ్చిన జాబితాను వరుస వరుసా బయటికి చదివాను. మొదటి వరుసలోనే దొరికింది. మండీలో మొదటి కొలతను ఒకటి అనం, లాభం అంటాం. రెండు, మూడు ఆ తర్వాతే. అలవాటు పడ్డ చెయ్యి మొదటి చానల్ ముందు అంకె వేయకుండా "లాభం" అని రాసేసింది. సర్వర్‌కు మండీ మర్యాద ఏం తెలుసు? అంకె లేదని ఆ వరుసను వదిలేసి, మిగిలినవాటిని తనే మొదటినుంచి లెక్కపెట్టుకుని, రెండోదానికి ఒకటో నంబరు ఇచ్చి, కిందివన్నీ ఒక్కో మెట్టు పైకి జరిపేసింది. కార్యక్రమాల పేర్లు మాత్రం నేనిచ్చిన నంబర్లలోనే ఉండిపోయాయి.

లాభం చెరిపి ఒకటి వేశాను. ఏ ఇంజినీరూ చెప్పలేదు, నేనే పట్టుకున్నాను!

ఆ సాయంత్రం అక్క మూడు నొక్కగానే మిరపతోట వచ్చింది. ఆకుముడత గురించి ఒకాయన వివరంగా చెప్పాడు. ఏడయింది. మార్చేవాళ్లు ఎవరూ లేరు. అప్పుడు రైతులు ఫోన్లు చేసి తమ సందేహాలు అడగడం మొదలైంది. అక్క కుర్చీలో ముందుకు జరిగింది.

"ఏరా, దీంట్లో ఇది కూడా ఉందా? ఇన్నాళ్లూ నాకు తెలియకపాయె గదరా!"

వంకాయ పుచ్చు గురించి ఎవరో అడిగారు. జవాబు పూర్తయ్యేదాకా అక్క మమ్మల్ని దగ్గనివ్వలేదు. తెర కింద ఫోన్ నంబరు వచ్చింది.

"రేయ్, చూస్తా కూసున్నావేంది? ఆ నంబరు రాయి. మన బెండాకు పసుపురంగుకు తిరిగేది ఎందుకో రేపు నేను అడగాల."

రాశాను, పెద్ద పెద్ద అంకెలతో.