ముక్కు లారీ కోసం చాల్ అంతా చేసిన బేరం

మా కామాఠిపురా పోచమ్మ మీద ఒట్టు, నేను తినే అన్నం మీద ఒట్టు, ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. ఇంత గట్టిగా ఒట్టు పెట్టుకోవలసిన అవసరం ఏమిటని మీరు అడగవచ్చు. నన్నెరిగినవాళ్ళు అడగరు. నేను చెప్పిన ఏ సంగతినైనా మా ఆవిడ సగానికి కోసి, మిగిలిన సగాన్ని పక్కింటివాళ్ళను అడిగి మరీ నమ్ముతుంది. (వర్లి సముద్రంలో ఒక చేప నా చెప్పు ఎత్తుకుపోయి, మరుసటేడు అక్కడే తిరిగిచ్చిందని ఒకసారి చెప్పాను. అది మాత్రం అబద్ధమే. చెప్పు ఇంకా రాలేదు.) కానీ ఇది మా లారీ మామ సంగతి. ఆయన విషయంలో అబద్ధమాడితే కళ్ళు పోతాయి.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల నడుమ, బొంబాయిలో ఏ వస్తువు ధరా రాత్రి పడుకున్నచోట పొద్దున లేచేది కాదు. మిల్లులు మూతపడి మనుషుల ధర దిగుతున్నకొద్దీ మంచినూనె ధర, గాసునూనె ధర మెట్లెక్కుతూనే ఉండేవి. వాటన్నిటికీ మేం అలవాటు పడిపోయాం. పప్పులో నీళ్ళు పెరిగితే ధర పెరిగిందని అర్థం చేసుకుని, అడగకుండా తినేవాళ్ళం. మాకు అంతుపట్టనిది ఒక్కటే, తుప్పు పట్టిన ఇనుముకు ధర ఎందుకు పెరిగిందా అని.

మా మేనమామకు ఒక లారీ ఉండేది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక దండువాళ్ళు వేలం వేస్తే, మేస్త్రీ పని చేసే మా తాత పాడుకున్నాడు. ఇప్పటి లారీల్లా చదును మొహం కాదు దానిది. ముందుకు పొడుచుకొచ్చిన పొడవాటి ముక్కు, దానికి రెండు వైపులా గుడ్లగూబ కళ్ళలాంటి దీపాలు. అందుకే అది ముక్కు లారీ అయింది, మామ లారీ మామ అయ్యాడు. నేను మెట్రిక్ రెండుసార్లు తప్పి దానిమీద క్లీనర్‌గా చేరాను. (తప్పడం నిజం. రెండుసార్లేనా అని మా ఆవిడ అడగకపోతే చాలు.) ఏడాదంతా అది ఇసుక, ఇటుక, కూల్చిన ఇళ్ళ మట్టి మోసేది. సద్దుల బతుకమ్మ నాడు మాత్రం తలంటుకున్న ముత్తైదువలా బంతిపూలు కట్టుకుని, వరస గదుల మా చాల్ ఆడవాళ్ళనందరినీ, వాళ్ళ బతుకమ్మలనూ ఎక్కించుకుని దాదర్ సముద్రం ఒడ్డుకు తీసుకుపోయేది. అందరికంటే పెద్ద బతుకమ్మను ఒళ్ళో పెట్టుకుని మా అత్త ముందు సీట్లో కూర్చునేది. ఆ ఒక్కరోజు మామ గేరు మార్చినా, నిద్రపోతున్న పిల్లల గది తలుపు వేసినట్టు మార్చేవాడు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక, బైకుల్లా పేటలోని వంతెన ఎక్కుతుండగా, వెనకనుంచి ఎవరో వేయించిన శనగలు నమిలినట్టు చప్పుడైంది. అంతే. ఇంజను గర్జిస్తోంది, చక్రం కదలదు. క్రౌన్, పినియన్ అని రెండు పళ్ళచక్రాలు ఉంటాయి. ఇంజను తిప్పిన తిప్పుడును వెనక చక్రాలకు అందించేది ఆ జతే. దాని పళ్ళు రాలిపోయాయి. "ఇంజన్ ఉరుకుదామంటది, చక్రం రానంటది. నా సంసారం లెక్కనే ఉంది" అన్నాడు మామ. అత్త వెంటనే, "ఇంట్ల చక్రం నేనేగద, నేను గిన రానంటే నీకు బువ్వేడిది?" అంది. లారీని తోసుకొచ్చి మా సందు మొగలో నిలబెట్టాం. పని ఇచ్చే గుత్తేదారు మంచివాడే. దసరా దాకా ఆగుతానన్నాడు. దసరా దాటితే ఇంకో లారీ పెట్టుకుంటానన్నాడు. ఆ లారీ తప్ప మామకు వేరే చేతిపని రాదు, నేర్చుకునే వయసూ కాదు.

పాత సామాన్లు అమ్మే చోర్ బజార్ మాకు కాలినడక దూరం. మామ అక్కడ బేరమాడే పద్ధతి బొంబాయిలో ఇంకెవరికీ లేదు. తనకు కావలసిన వస్తువును చేత్తో ముట్టుకునేవాడు కాదు. ముందు పక్కనున్న ఏ లాంతరో, కుర్చీనో పట్టుకుని దాని ధర అడిగేవాడు. తరవాత అసలు వస్తువును చెప్పుకాలితో ఒక్క తన్ను తన్ని, "ఏ క్యా కచరా రఖా హై చాచా?" అని, ఇదేం చెత్త అన్నట్టు ముక్కు చిట్లించేవాడు. ఎంత గట్టిగా తన్నితే అంత గట్టిగా కావాలన్నమాట. కొన్నాక మాత్రం సందు మలుపు తిరగ్గానే దాన్ని కిందికి దించి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, రెండు కళ్ళకూ అద్దుకునేవాడు. "తప్పైంది తల్లీ, కాలు తగిలిచ్చిన. పైసలు లేక తగిలిచ్చిన" అనేవాడు. ఇనుప ముక్కకు ఇంత మర్యాదేమిటని నేను నవ్వితే, "పోరడా, ఇదే గద మనకు బువ్వ వెట్టేది" అని కసిరేవాడు.

అంతకుముందు పాత సామాను తూకానికి వచ్చేది. ఆ ఏడు అడిగితే, చాచా అని మేం పిలిచే ఆ ముసలి దుకాణదారు తక్కెడను దాచేశాడు. మలబార్ హిల్ మీది సేఠ్‌లు పాత బండ్లు కొని బంగళాల ముందు బొమ్మల కొలువులా పెట్టుకుంటున్నారట. సినిమావాళ్ళు తెల్లదొరల కాలం కథలకు వాటిని అద్దెకు తీసుకుంటున్నారట. బజారు మొత్తంలో మా లారీకి సరిపోయే జత ఒక్కటే ఉంది, అదీ చాచా దుకాణంలో. మామ ఎన్నిసార్లు వెళ్ళి ఎంత సుతారంగా తన్నినా ధర దిగలేదు. "పోయినేడు ఇనుమన్నడు, ఇయ్యాల నగ లెక్క జెప్తుండు" అంటూ ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. వచ్చి, లారీ తలుపు కింద కాలు పెట్టి ఎక్కే పాదాన్ మీద కూర్చుని, కదలని స్టీరింగు వైపు చూస్తూ ఉండేవాడు.

ఇక్కడ నా తెలివి రంగంలోకి దిగింది.

"మామా, నీ మొహం జూస్తనే చాచా ధర పెంచుతుండు. నీకు లారీ ఉందని బజారంతటికి ఎరుకే. లారీ లేనోళ్ళను పంపుదాం" అన్నాను.

"లారీ లేనోళ్ళు చాల్ నిండ ఉన్నరు, ఏరుకోపో" అంది అత్త.

ఏరాను. ఒక్కరు వెళ్తే సరిపోయేదానికి, ఎవరి బేరమైనా తగలకపోతుందా అని చాల్ మొత్తాన్ని తయారుచేశాను. మామ పద్ధతి అందరికీ నేర్పాను. ముందు పక్క వస్తువు, తరవాత తన్ను, తరవాత ఈసడింపు. ఎవరూ ఎవరినీ ఎరగనట్టు ఉండాలి. శుక్రవారం పొద్దున, బజారు కిటకిటలాడేవేళ, మా సైన్యం ఒక్కొక్కరుగా బయల్దేరింది.

మొదట బీడీలు చుట్టే అవ్వ వెళ్ళింది. తన్నింది. బొటనవేలు చితికింది. అయినా తడుముకోకుండా, "ఏం కొడకా, ఇది పసుపు దంచనీకి అక్కరకొస్తదా?" అని అడిగింది. చాచాకు తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. తరవాత మిల్లు బాబాయి వెళ్ళి తన్ని, "హమారా మిల్ కే వాస్తే మంగ్తా హై" అని, తన మిల్లుకు కావాలన్నాడు. ఆ మిల్లు మూతపడి ఏళ్ళవుతున్నదని బొంబాయిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మా అత్త ముందు పక్కనున్న గాజు దీపాన్ని బేరమాడటం మొదలుపెట్టి, ఆ బేరం అందంలో మునిగిపోయి, అసలు వస్తువును తన్నడమే మరిచి, దీపం కొనుక్కుని ఇంటికొచ్చేసింది. "సగానికి సగం తెగ్గొట్టిన, జూడు!" అని సంబరపడింది కూడా. ఆమె వెనక ఇంకా ఎందరో వెళ్ళారు, అందరూ తన్నారు.

మామ బేరాలప్పుడు సందు మలుపులోనే ఆగేవాణ్ణి కాబట్టి చాచాకు నా మొహం కొత్త, ఆఖరున నేను వెళ్ళాను. అప్పటికి ఆ జత నేలమీద లేదు. చెక్కపెట్టె మీదికెక్కి, నూనె రాసుకుని, ఎర్ర మఖ్మల్ గుడ్డ పరుచుకుని కూర్చుంది. చాచా నన్ను దగ్గరికి పిలిచి గుసగుసగా చెప్పాడు. "బేటా, ఇందులో ఏదో ఉంది. పొద్దున్నుంచీ ముసలమ్మలు, మొగవాళ్ళు వరసపెట్టి వచ్చి తన్నిపోతున్నారు. అందరూ మద్రాసీలే. ఏదో సినిమా కంపెనీ మనుషుల్ని పెట్టి వెతికిస్తోంది. నేనింత తేలిగ్గా ఇస్తానా?" ధర ఎంతని అడిగాను. చెప్పాడు. మా తాత లారీ మొత్తానికి పాడిన పాట అందులో ఒక మూలకు కూడా రాదు.

ఇంటికొచ్చి చెబితే మామ ముందు తెల్లబోయాడు. తరవాత అర్థమై నవ్వడం మొదలుపెట్టాడు. "మనమే పెంచినంరా! మన కాళ్ళతోని మనమే తన్ని పైకెక్కిచ్చినం!" అని కడుపు పట్టుకుని నవ్వాడు. అవ్వ తన కట్టు కట్టిన బొటనవేలు చూపించేసరికి ఇంకా నవ్వాడు. కళ్ళలో నీళ్ళు వస్తే తువ్వాలుతో తుడుచుకున్నాడు. నవ్వు ఆగిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. 

కొన్నాళ్ళకు చాచా తనే మా సందులోకి వచ్చాడు. లేని సినిమా కంపెనీకి ఇంకేం సామాను దొరుకుతుందా అని, మామ లారీ నిలబెట్టిన చోటు వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చినవాడు ముందు పక్కనున్న తోపుడుబండి ధర అడిగాడు. తరవాత ఎవరిదో సైకిలు చూశాడు. ఆ తరవాత తాపీగా ముక్కు లారీ దగ్గరికి నడిచి, ముందు చక్రాన్ని బూటుకాలితో ఫెడీమని తన్ని, "కబాడా హై" అని తుక్కు కింద తేల్చేశాడు.

కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న మామ, తడి మొహంతోనే వచ్చాడు. "తన్నకు చాచా. ఆ తన్నుడు నాకెరుకే" అని హిందీలో అన్నాడు. చాచా సిగ్గుపడ్డాడు. ఇద్దరూ పాదాన్ మీద కూర్చుని చాయ్ తాగారు. నడిచే బండిగా దీనికి విలువ లేదనీ, విప్పితే ప్రతి మేకుకూ కొనేవాడున్నాడనీ చాచా వివరించాడు.

"అంటే సచ్చినంకనే దీనికి ఇల్వనా?" అన్నాడు మామ, ఈసారి తెలుగులో, నాతో. నేను దాన్ని హిందీలో చెప్పాను.

చాచా గ్లాసు కింద పెట్టి, "మనకు అదీ లేదు కదా భాయ్" అన్నాడు.

మామ ఆ రోజు ఒప్పుకోలేదు. దీన్ని అమ్మితే ఆ పినియన్ కొనేటన్ని పైసలొస్తాయని, కొన్నాక దాన్ని ఏ లారీకి బిగించాలో చెప్పమని అత్తను అడిగాడు.  ఆ ఏడు సద్దుల బతుకమ్మకు ఆడవాళ్ళు దాదర్‌కు బస్సులో వెళ్ళారు. అత్త ఒళ్ళోని బతుకమ్మకు కండక్టరు సామాను టికెట్టు కొట్టాడు. తల్లికి టికెట్టేమిటని అత్త దాదర్ దాకా అతనితో పోట్లాడి, దిగేటప్పుడు ఎందుకో అతని ముందే ఏడ్చేసింది. కంగారుపడి అతను టికెట్టు డబ్బులు తిరిగిచ్చాడు. దసరా వెళ్ళింది. ఆ మరునాడు గుత్తేదారు పనికి చదును మొహం లారీ ఒకటి మా సందు ముందునుంచే హారను కొట్టుకుంటూ వెళ్ళింది. మామ చాచాకు కబురు పెట్టాడు. ఒక్కటే అడిగాడు, "మా వాకిట్ల ఊడదియ్యొద్దు. నిండు బండిగనే తీస్కపో."

తీసుకుపోయే రోజు మామ ఇంట్లో లేడు. దాదర్‌లో పనుందని పొద్దున్నే వెళ్ళిపోయాడు. (దాదర్‌లో మామకు ఎన్నడూ ఏ పనీ లేదు.) పొద్దు వాలాక వచ్చి, సందు మొగలో ఖాళీ జాగాను చూడకుండా పక్కకు తిరిగి నడిచి, నా దగ్గర కూర్చున్నాడు.

"ఎట్ల తీస్కపోయిండ్రురా అల్లుడా?"

"చాచా తనే వచ్చిండు మామా. పైసలిచ్చినంక జేబురుమాలు దీసి దాని ముక్కు తుడ్సిండు. రెండు కండ్లకు అద్దుకున్నడు. కాలు తగిలిచ్చిన, తప్పైంది అన్నడు. అచ్చం నీ తీర్గనే."

మామ చాలాసేపు నా మొహంలోకి చూశాడు. తరవాత నా తల మీద చెయ్యి వేసి, "గట్లనా. నువ్వు జెప్పినంక అది అబద్ధమెట్లైతదిరా" అన్నాడు. లేచి, అత్తను అన్నం పెట్టమన్నాడు. నా జీవితంలో ఆ మాట నాతో అన్నవాడు ఆయనొక్కడే.

ఒట్టు పెట్టాను కాబట్టి ఇప్పుడు విప్పాలి. బజారు, తన్నులు, అవ్వ బొటనవేలు, మఖ్మల్ గుడ్డ అన్నీ నిజం. అత్త కొన్న గాజు దీపం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, వచ్చి చూసుకోవచ్చు. నేను కల్పించింది ఒక్కటే. ఆ రోజు చాచా రానే లేదు. గొలుసు పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకడు లారీ ముక్కు మీదెక్కి కూర్చుని బీడీ కాలుస్తుంటే, రెండోవాడు దారిలో పగులుతాయని మా వాకిట్లోనే ఆ గుడ్లగూబ కళ్ళు రెండూ ఊడబీకాడు. తరవాత గుడ్డిదాన్ని లాక్కుపోయారు. అది నిలబడినచోట నేలమీద నల్లటి నూనె మరక మిగిలింది. ఎవరూ చూడకుండా వంగి, దాన్ని వేలితో అంటుకుని, నేనే రెండు కళ్ళకూ అద్దుకున్నాను. కాబట్టి కళ్ళకద్దుకోవడం నిజమే, మనిషినొక్కడినే మార్చాను. మామ వచ్చి చూసేసరికి నా కళ్ళు ఎర్రగా ఉన్నాయంటే అది పాత ఇంజను నూనె మంట వల్లే, ఇంకెందుకూ కాదు. ఆయన విషయంలో అబద్ధమాడితే కళ్ళు పోతాయన్నాను కదా, ఇన్నేళ్ళైంది, పోలేదు. కళ్ళద్దాలు మాత్రం వచ్చాయి. పొద్దున వాటిని తువ్వాలుతో తుడిచి పెట్టుకునేటప్పుడల్లా, మఖ్మల్ గుడ్డ ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ క్లీనర్ పిల్లగాడు గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుంటాను. ఈ నవ్వు సంగతి మా ఆవిడను అడిగి చూడండి, ఇది కోయకుండానే నమ్ముతుంది.