కళ్ళు లేని దెయ్యం

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్ళే పొద్దుటి బస్సులో పెంచల ప్రసన్న పుస్తకాన్ని వెనక అట్ట వైపు నుంచి తెరుస్తుంది. మొదట్లో పక్క సీటు ఓబులమ్మ "తిరగేసి చదవతా ఉండావు పాపా" అని దిద్దబోతే, "జపానోళ్ళ బొమ్మల కథ, మాంగా అంటారు, అట్నే చదవాలవ్వా" అని తలెత్తకుండానే చెప్పింది. గొర్రెల దొడ్డి ఊడ్చి సబ్బుతో తోముకున్న చేతులు, మెడలో తను పనిచేసే మందుల షాపు గుర్తింపు కార్డు, భయమేసే పేజీ వస్తే కింది పెదవి కొరుక్కోవడం. చదివినంత కథ ఓబులమ్మకి చెప్పాలి, అది రోజూ ఉన్నదే. కళ్ళు పీకి చంపేసిన ఒక ఆడమనిషి దెయ్యమై, చంపినవాళ్ళను వెతుక్కుంటూ తిరిగే కథ. "చదివితే నిద్ర పట్టదు" అని అట్ట మీదే రాసి ఉంది. ఇవాళ చివరి భాగం చదువుతూ ప్రసన్న కునుకు తీసింది. లేచి, మిగిలింది చదివి, పుస్తకం టప్పున మూసింది.

"ఏమైంది పాపా?"

"దెయ్యం ఏడ్చి, తన్ను క్షమించమని చంపినోళ్ళనే అడిగిందంట."

"కళ్ళే లేంది ఎట్ట ఏడ్చిందే?"

"రాసినోడు చివర్లో భయపడినాడవ్వా. నేను పడను. నా కథలో అది ఏడవలా. చంపినోళ్ళలో ఆఖరోడు ఎక్కే బస్సు ముందే ఎక్కి, సీటు కింద పడుకోనుండాది. చూపు లేదు గదా, ఒక్కొక్కరి మడమా తడిమి చూస్తా ఉండాది."

ఓబులమ్మ "పోవే" అని నవ్వింది. నవ్వుతూనే రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుంది.