చిన్నల్లుడి సీలు

మామగారి పడవలో ఇంజను వెనకాల ఇరుకు సందులోకి దూరగలిగినంత సన్నగా ఉన్నది ఆ ఇంట్లో పెద్దల్లుడొక్కడే. అతని వృత్తి తెరచాపలు కుట్టడం. పెళ్ళైన కొత్తలో మామగారు పడవ చూపించి, “ఇక దీని మంచిచెడ్డలు నీవే అల్లుడూ” అన్నారు. ఆ మాటను అతను బిరుదులా మోశాడు.

గాలి పడిపోయినప్పుడు ఆ పడవకు చిన్న ఇంజనే దిక్కు. ఇంజను నుంచి వెళ్ళే షాఫ్టు పడవ గోడను దాటి బయట నీళ్ళలోని పంకాను తిప్పుతుంది. ఆ కంతలోంచి నీళ్ళు రాకుండా షాఫ్టు చుట్టూ గ్రీజు తాడు చుట్టి, పైన పెద్ద నట్టు బిగిస్తారు. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ చుక్కచుక్కగా నీరు కారాలి. ఆ నీరే దాన్ని చల్లగా ఉంచుతుంది. అడుగున చేరిన నీళ్ళు తోడేది మామగారు, తాడు మార్చేది పెద్దల్లుడు.

అంతలో మరదలికి పెళ్ళైంది. తోడల్లుడు పంపులు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు. మొదటిసారి పడవెక్కిన రోజే కిందికి వంగి చూసి, “ఇప్పుడు ఈ తాడుకు బదులు రబ్బరు తిత్తి ఉన్న సీళ్ళొచ్చాయి మామయ్యా. చుక్క కూడా కారదు” అన్నాడు.

“మరి ఇన్నాళ్ళూ నాచేత నీళ్ళెందుకు తోడించావయ్యా?” అని మామగారు పెద్దల్లుడి వైపు తిరిగి నవ్వారు.

అందరూ నవ్వారు. అతని భార్య కూడా నవ్వింది. పెద్దల్లుడికి ఒళ్ళు మండిపోయింది. కొత్తొక వింత, పాతొక రోత! ఆ వారమంతా మిషను ముందు కూర్చుని వంకరకుట్లు వేశాడు. సెలవు ముందురోజు ఒంటరిగా పడవలోకి వెళ్ళి, నట్టును బలంకొద్దీ బిగించాడు.

మర్నాడు అందరూ షికారుకు బయల్దేరారు. “చూడండి మామయ్యా, ఒక్క చుక్కుందా?” అని పెద్దల్లుడు అడుగు చెక్క ఎత్తి చూపించాడు. మామగారు మెచ్చుకోలుగా తలూపారు. ఆ కాసేపు అతనికి ఏనుగెక్కినంత సంబరం.

కొంతదూరం పోయాక అతని భార్య ముక్కు ఎగబీల్చింది. “ఏవండీ, ఏదో మాడుతోంది.”

చెక్క ఎత్తితే గుప్పున పొగ. తోడల్లుడు ఒక్క ఉరుకున ఇంజను ఆపాడు. గాలి దయవల్ల తెరచాప మీదే ఒడ్డు చేరారు.

పడవను పైకి లాగించి షాఫ్టు ఊడదీశారు. తాడు బొగ్గైపోయింది. నున్నగా ఉండాల్సిన షాఫ్టు మీద గాడి పడింది. తోడల్లుడు దాని మీద గోరు పెట్టి రాసి, ఒక్కసారి పెద్దల్లుడి ముఖంలోకి చూశాడు.

“ఎలా జరిగిందయ్యా?” మామగారు అడిగారు.

“పాత షాఫ్టు మామయ్యా, అరిగిపోయింది. ఎవరున్నా ఇంతే” అన్నాడు తోడల్లుడు.

వాడు నలుగురిలో తిట్టినా బాగుండేదనిపించింది పెద్దల్లుడికి. పనితనంతో పాటు మంచితనం కూడా వాడికేనా!

“ఏ సీలు పెడదాం అన్నయ్యా?” తోడల్లుడు పక్కకు పిలిచి అడిగాడు. “తాడైతే పడవ నీళ్ళలో ఉండగానే మార్చుకోవచ్చు. తిత్తి చిరిగితే మాత్రం నీళ్ళు దూకుతాయి. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి.”

“కొత్తదే పెట్టు. ఆ మనిషిని నేనున్నాగా” అన్నాడు పెద్దల్లుడు పౌరుషంగా.

కొత్త షాఫ్టు, కొత్త సీలు వచ్చాయి. పడవ నీళ్ళలోకి దిగగానే తిత్తిని చేత్తో నొక్కి లోపలి గాలి పోనివ్వాలని, లేకపోతే సీలు నీరందక మాడుతుందని తోడల్లుడు చూపించాడు. పెద్దల్లుడు ముఖం చిట్లించుకునే నేర్చుకున్నాడు. అప్పటినుంచి ప్రతి ప్రయాణానికీ ముందు టార్చిలైటు వేసి తిత్తిని మడతమడతా తడిమి చూసేవాడు. కొన్నేళ్ళకు దాని మీద పగుళ్ళు కనబడగానే పడవ పైకి లాగించి కొత్త తిత్తి వేశాడు. తోడల్లుణ్ణి పిలవలేదు.

ఒకరోజు పక్క పడవాయన వచ్చి, లోపల అంత పొడిగా ఎలా ఉందని అడిగాడు.

“మా చిన్నల్లుడు సీలు పెట్టాడండి” అని, కాస్త ఆగి, “చూసుకునేది పెద్దల్లుడు” అన్నారు మామగారు.

ఆ రాత్రి భోజనం దగ్గర పెద్దల్లుడు ముద్ద ఎత్తలేదు. “ముందు వాడి పేరే ఎందుకు చెప్పాలి?”

“పెట్టాకేగా చూసుకునేది!” అంది భార్య. “తినండి, చల్లారిపోతోంది.”