అవ్వ నన్ను ఇచ్చేసిన కొత్త సంవత్సరం

నా చిన్నప్పుడు కొత్త సంవత్సరం అంటే నాకు కొత్త గౌను కాదు, కేకు ముక్క కాదు, ఆ పొద్దున చర్చిలో మా అయ్యగారు చెప్పే ఆశలు. పాస్టరుగారిని మేమంతా అయ్యగారు అనే పిలిచేవాళ్ళం. మద్రాసు చూలైలో రేకు పెట్టెలు చేసే షాపుల వెనక సందులో మా తెలుగు చర్చి ఉండేది. నెల్లూరు వైపు నుంచి ఏనాడో వచ్చి స్థిరపడిన కుటుంబాలే అందులో అన్నీ. వీధిలో అరవం, ఇంట్లో అరవం కలిసిన తెలుగు, ప్రార్థనలో మాత్రం అచ్చ తెలుగు. అదీ మా సంఘం.

ఆ ఆశల పద్ధతి మా చర్చిలో తప్ప ఇంకెక్కడా నేను చూడలేదు. ప్రసంగం అయ్యాక అయ్యగారు ఈ ఏడు సంఘానికి ఏమేం జరగాలని కోరుకుంటున్నారో ఒక్కొక్కటే చెప్పేవారు. ఒక ఆశ చెప్పి ఆగేవారు. దాన్ని తీర్చగలవాళ్ళు ఎవరైనా లేచి నిలబడాలి. నిలబడితే సంఘమంతా ఒక్క గొంతుతో ఆమేన్ అనేది. అంతే, ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. మా మేనమామ ఒకసారి కాళ్ళు తిమ్మిరెక్కి లేచి నిలబడ్డాడు పాపం. చర్చి గోడలకు సున్నం కొట్టించే పని ఆయన నెత్తిన పడింది. ఆ ఏడంతా ఆయన కనబడితే చాలు, మేం పిల్లలం కాళ్ళు దులుపుకుంటూ నవ్వేవాళ్ళం.

నాకు పదేళ్ళప్పటి కొత్త సంవత్సరం మాత్రం నవ్వు తెప్పించేది కాదు. ఆ రోజు మొదటి ఆశ, కారుతున్న కప్పుకు పెంకులు మార్చాలని. దానికి ఒక తాపీమేస్త్రీ లేచాడు. చాపలు చిరిగిపోయాయంటే పక్కింటి అక్క వాళ్ళ నాన్న లేచాడు. పిల్లలు అరవంలోనే మాట్లాడుకుంటున్నారు, సాయంత్రాలు వాళ్ళకు తెలుగు చదవడం నేర్పేవాళ్ళు కావాలంటే ఎవరూ లేవలేదు. అయ్యగారు కాసేపు చూసి, గొంతు తగ్గించి ఆఖరి ఆశ చెప్పారు. ఈ సంఘంలో పుట్టిన బిడ్డ ఒకరు దేవుని సేవకు రావాలి, తన తర్వాత ఈ మందను చూసుకోవాలి అని. చూలై, చింతాద్రిపేట, తొండియార్‌పేట, ఈ మూడు చోట్ల ఉన్న మావాళ్ళను ఆయనొక్కరే సైకిలు మీద తిరిగి చూసుకునేవారు. అప్పటికే ఆయనకు ఆయాసం.

మా అవ్వ లేచి నిలబడింది. పెంకులకూ చాపలకూ నిలబడే స్తోమత మాకు లేదు. ఏ ఏడూ ఏ ఆశకూ లేవలేకపోయానన్న దిగులు అవ్వకు ఎప్పటినుంచో ఉండేది. "నా మనమరాల్ని ఇస్తానయ్యా. జొరంలో పోవాల్సిన బిడ్డ. ఆయన మిగిల్చినాడు, ఆయనకే ఇచ్చేస్తా" అంది.

ఆమేన్ అంది సంఘం. అలవాటు కొద్దీ అందరితో పాటు నేనూ అనేశాను. అన్నాక గానీ దేనికి అన్నానో నాకు తెలిసిరాలేదు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అమ్మ కోసం చూశాను. అమ్మ తల మీది కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. మగవాళ్ళ వైపు నాన్న తల ఊపుతున్నాడు. ఇద్దరూ నా ముఖం చూడలేదు. అయ్యగారు ఒక్కరే ఆమేన్ అనలేదు, నావైపు చూసి తల దించుకున్నారు.

బయటికి రాగానే ఆడవాళ్ళంతా నా తల నిమిరారు, బుగ్గలు పుణికారు. ఎక్కడో రెండు రాత్రులు రైల్లో పోతే సేవకు తర్ఫీదు ఇచ్చే ఆడపిల్లల హాస్టలు ఉందట. చిన్నప్పుడే చేర్చుకుంటారట, తెల్లబట్టలే కట్టాలట, ఎండాకాలంలో ఒక్కసారే ఇంటికి పంపుతారట. పరీక్షలు కాంగానే పంపించేద్దామని అవ్వ దారి పొడుగునా అందరికీ చెప్పింది. మా నాన్నది రేకు పెట్టెల పని. అన్నం కూడా తినకుండా, నాకు పెట్టె చేయడానికి షాపు నుంచి రేకు తెచ్చి, నా గౌన్లన్నీ మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టించి, ఎంత ఎత్తు వస్తాయో జానతో కొలిచాడు. నా బతుకంతా రెండు జానలు కూడా లేదు.

ఆ మధ్యాహ్నమంతా లెక్కలు వేసుకున్నాను. వెళ్ళనని అవ్వతో చెప్పొచ్చు, రెండు దెబ్బలు వేస్తుంది, అయిపోతుంది. సంఘంతో కూడా ఎట్లాగో చెప్పొచ్చు. దేవుడితో ఎట్లా చెప్పాలి? పైగా నేనూ ఆమేన్ అన్నాను కదా. పెరట్లోకి పోతే రేకు కత్తిరిస్తున్న చప్పుడు, ఇంట్లోకి వస్తే అవ్వ పాడుకుంటున్న కీర్తన. ఎటు పోయినా దారి లేదు.

కొత్త సంవత్సరం నాడు ప్రతి ఇంటికీ వచ్చి ప్రార్థన చేయడం అయ్యగారి అలవాటు. ఎండ తగ్గాక మా ఇంటికి వచ్చారు. అవ్వ కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని, ఏదో మామూలు మాట అడిగినట్టే అడిగారు.

"పెద్దమ్మా, బిడ్డను ఇచ్చేసినట్టేనా? సగం కాదు గదా?"

"అదేం మాటయ్యా! దేవునికి సగం ఇస్తారా ఎవురన్నా?"

"మళ్ళీ ఆడికి పంపు, ఈడికి పంపు అని నాతో జగడానికి రావు గదా?"

"సుమ్మా ఉండండయ్యా. ఇచ్చినాక నాదేముంది? మీరెట్ల చెప్తే అట్లనే."

అయ్యగారు తీరిగ్గా కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు. "అట్లయితే విను. ఈ బిడ్డ ఈడనే ఉంటుంది, మీ ఇంట్లోనే. ఇప్పుడు పోతున్న బడికే పోతుంది. ఎంత చదవగలిగితే అంత చదువుతుంది. హాస్టలు లేదు, ఏమీ లేదు. ఇదే నేను చెప్పేది."

మరి సేవ సంగతేమిటని అవ్వ గొణిగింది. "ఇచ్చేసినావు గదా పెద్దమ్మా, ఇంక నీకెందుకు?" అన్నారాయన. తన మాటకు తానే కట్టుబడిపోయి అవ్వ గుడ్లప్పగించి చూస్తుంటే, పెరట్లో రేకు కత్తిరించే చప్పుడు ఆగిపోయింది. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, అడక్కుండానే ఇంకో గ్లాసు కాఫీ తెచ్చి అయ్యగారి ముందు పెట్టింది.

వెళ్ళేటప్పుడు సందు చివరి దాకా రమ్మని నన్ను పిలిచారు. అక్కడ సైకిలు ఆపి, జేబురుమాలు తీసి సీటు తుడవడం మొదలుపెట్టారు. నా వైపు చూడకుండానే అన్నారు. "పొద్దున నిన్నెవురూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతాండా. నీకు ఇష్టమేనా? కాదన్నా నాకు కోపం రాదు. దేవునికీ రాదు."

నేను సైకిలు చక్రం పుల్లలు లెక్కపెడుతున్నాను. ఆయన సీటు తుడుస్తూనే ఉన్నారు. "నన్ను మా నాయన ఇట్లనే ఇచ్చేసినాడు బిడ్డా. ఈ పని నాకు ఇష్టమే. కానీ ఇష్టమై వచ్చినానో, ఇచ్చేసినందుకు వచ్చినానో నాకింకా తెలవదు. నువ్వు ఈరోజే చెప్పాలని లేదు. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతా."

దాంతో నేను బయటపడ్డానని మీరు అనుకుంటారు. హాస్టలు తప్పింది నిజమే, కానీ ఉచ్చు పూర్తిగా ఊడలేదు. ఇంట్లో అవ్వకు నేను దేవుని బిడ్డనే. పక్కింటి అక్కతో సినిమాకు పోకూడదు, రంగు రిబ్బను కట్టకూడదు, గట్టిగా నవ్వకూడదు. ఏటేటా కొత్త సంవత్సరం నాడు అయ్యగారు ఆ సందు చివర సైకిలు ఆపి అదే ప్రశ్న అడిగేవారు. ఏటేటా నేను నేల చూపులు చూసేదాన్ని. సరే, పోయి ఆడుకో అని ఆయన వెళ్ళిపోయేవారు. చెడ్డవాళ్ళకు కాదని చెప్పడం సులువు. మంచివాడు, మనల్ని కాపాడినవాడు, పైగా ఆశ పెట్టుకున్నవాడు అడిగితే ఆ మాట గొంతుకు అడ్డం పడుతుంది. ఆయన ఆయాసం ఏటికేడు పెరగడం నేను చూస్తూనే ఉన్నాను. అది చూస్తుంటే నా నోరు ఇంకా మూసుకుపోయేది.

బడి చదువు పూర్తయిన ఏడు అడిగినప్పుడు, ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, "కాదయ్యగారూ" అన్నాను. సీటు మీద ఆయన చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత, "సరే బిడ్డా" అన్నారు. ఎందుకు అని అడగలేదు, నిట్టూర్చలేదు, ఇన్నేళ్ళు ఆగాను కదా అనలేదు. మరి ఏం చేద్దామనుకుంటున్నావని అడిగారు. టెలిఫోను ఆఫీసు ఉద్యోగానికి పెట్టుకున్నానని చెబితే, అక్కడే, ఆ సందు చివర, సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసి దాని కోసం ప్రార్థన చేశారు. అవ్వకు కూడా ఆయనే చెప్పారు. అవ్వ రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు నాకు ఎర్ర రిబ్బను కొనిచ్చింది.

మరుసటి కొత్త సంవత్సరం ఆయన ఆఖరి ఆశ మళ్ళీ చెప్పారు, నేను కూర్చున్న వైపు మాత్రం చూడకుండా. ఎవరూ లేవలేదు. ఆయన ఉన్నంతకాలం ఎవరూ లేవలేదు. తర్వాత వేరే ఊరి నుంచి వేరే అయ్యగారు వచ్చారు.

నేను టెలిఫోను ఆఫీసు నుంచి రిటైరయ్యాక ఆ చర్చిలోనే పిల్లలకు తెలుగు చదవడం నేర్పడం మొదలుపెట్టాను. నన్నెవరూ నిలబడమనలేదు, నాకు చేయాలనిపించి చేశాను. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. ఈ ఏడు మా కుర్ర పాస్టరు గోడ మీద తెర వేసి కొత్త సంవత్సరపు ఆశలు చూపిస్తుంటే, తెలుగు తరగతి ఆగిపోకూడదన్నది కూడా అందులో ఉంది. నా మనవరాలు పక్కనే కూర్చుని ఉంది. దాని భుజం పట్టుకుని లేపాలని నా చెయ్యి ఎంత లాగిందో చెప్పలేను. ఒళ్ళో చేతులు బిగించుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక, బట్టలు మడత పెడుతూ, దాని ముఖం చూడకుండా, తరగతి నువ్వు చూసుకుంటావా అని అడిగాను. "వేణాం అవ్వా. నాకు ఆదివారం ఒక్కటే దొరికేది" అంది. వద్దు అనడానికి దానికి అరవమే వచ్చింది. ఇన్నేళ్ళు పెంచిన తరగతి నా కళ్ళ ముందే మూతపడుతున్నట్టు అనిపించింది. దుఃఖం వచ్చింది, కోపమూ వచ్చింది. చేతిలో ఉన్న చొక్కాను రెండుసార్లు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాక, "సరే తల్లీ" అన్నాను. అది హాయిగా లేచి తన పని మీద తాను వెళ్ళిపోయింది.

ఆ 'సరే' నాది కాదు, అయ్యగారిది. ఒకప్పుడు ఆయన అన్న ఆ రెండక్షరాల మీదే నేను ఇన్నేళ్ళు బతికాను గానీ, వాటిని అనడానికి ఆ రోజు ఆయన ఎంత మింగారో ఇప్పటిదాకా నాకు తెలియలేదు.