మైకుసెట్టు

మా ఎదురింటి మేడ మీద ఎవరో పిల్లకు సంగీతం మొదలుపెట్టారు. తెల్లవారేసరికి శ్రుతిపెట్టె మోగుతుంది, దాని వెనకే మాస్టారి గొంతు, ఆ గొంతు కింద ఎక్కడో పిల్ల గొంతు. పిల్ల ఎలా పాడుతోందో నాకు వినపడదు. ఆయనకూ వినపడదు. అది విన్నప్పుడల్లా నాకు వర్ధనమ్మగారు గుర్తొస్తారు, ఆవిడతో పాటే నా ఫిర్యాదూ గుర్తొస్తుంది. ఆవిడ పేరిట గుడివాడలో ఏటా సంగీతసభ జరుగుతుంది. ఆవిడ దగ్గర నేర్చుకుని కచేరీలు చేసేవాళ్ళంతా వచ్చి పాడతారు. నేను సంగీతం చెప్పే బడి పిల్లలకు ఒక్క పది నిమిషాలు ఇవ్వమని నేను ఏళ్ళ తరబడి అడుగుతున్నాను. ఇస్తామనరు, ఇవ్వమనీ అనరు. అందుకే ఆవిడను ఎన్నడూ చూడని మీతో చెప్పుకుంటున్నాను.

మాది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లె. మా ప్రార్థన మందిరంలో పాట ఎత్తుకునేది మా నాన్న, ఆయన తరువాత నేను. మా వైపు దానికొక పద్ధతి ఉంది. ముందున్నవాడు చరణం అందుకుంటాడు, సంఘమంతా వెనక పాడుతుంది. వెనకవాళ్ళు తడబడితే ముందున్నవాడు గొంతు పెంచి అందరినీ లాక్కుపోవాలి. పాట ఆగకూడదు, ఎవరి తప్పూ బయటికి వినపడకూడదు. అందులో నన్ను మించినవాడు లేడని మా ఊళ్ళో పేరు. తొంభైల చివర్లో బందరు వెళ్ళి సంగీతం టీచరు సర్టిఫికెట్ పరీక్షకు కూర్చున్నాను. కీర్తనలు బాగానే పాడాను. పిల్లల ముందు పాఠం చెప్పి చూపించే దగ్గర తప్పించారు. ఎందుకు తప్పించారో చెప్పలేదు. మళ్ళీ తప్పితే కృత్తివెన్నులో బావగారి రొయ్యల చెరువుల మీద కాపలాకు వెళ్ళమన్నాడు నాన్న.

అలా పామర్రులో బస్సు మారి గుడివాడ వెళ్ళి, బడిలో సంగీతం చెప్పి రిటైరైన వర్ధనమ్మగారి గుమ్మం ఎక్కాను. సన్నటి మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. నన్ను పాడమనలేదు. వీధిలో ఆడుకుంటున్న పిల్లల్ని కేకేసి వసారాలో కూర్చోబెట్టి, "ఇదే నీ క్లాసు. సరళీ వరస చెప్పు," అన్నారు. నేను అందుకున్నాను. పిల్లలు తడబడ్డారు. అలవాటు ప్రకారం గొంతు పెంచి లాక్కుపోయాను. చివరిదాకా ఎక్కడా ఆగలేదు. మెచ్చుకుంటారని చూశాను.

"అబ్బాయ్, ఆ చివర పిల్ల పాడిందా?"

"పాడే ఉంటుందండీ."

"అది నోరు తెరిస్తే ఒట్టు. ఏమే?"

ఆ పిల్ల సిగ్గు లేకుండా నవ్వింది. "అంకులు పాడుతున్నారు కదండీ!"

"విన్నావా? మైకుసెట్టులా నువ్వు మోగుతుంటే వాళ్ళెందుకు పాడతారు? ఎవరెక్కడ పడిపోయారో నీకెలా తెలుస్తుంది? నోరు మూసుకుని విను."

పిల్లలు ఒకటే నవ్వు. మర్నాటి నుంచి ఆ వీధికంతటికీ నేను మైకుసెట్టు మాస్టారిని. "టీచరుగారండీ, మీ మైకుసెట్టు వచ్చింది," అని పాలాయన కూడా లోపలికి కేకేసేవాడు. ఆవిడ ఒక్కసారైనా ఆయన్ని మందలించలేదు. అది నేను మరిచిపోలేదు.

ఒకసారి పాడి, నోరు మూసుకుని, పిల్లల్ని వినాలి. ఆవిడ నేర్పింది అంతే. వినడానికి తేలిక. తప్పు చెవిన పడగానే నా గొంతు దానంతటది లేచేది. లేచినప్పుడల్లా ఆవిడ వక్కపలుకు నా చేతిలో పెట్టి, "నమలకుండా బుగ్గన పెట్టుకో," అనేవారు. పిల్లల ముందు, ఉద్యోగం చెయ్యాల్సిన మగవాణ్ణి, దవడ ఉబ్బించుకుని కూర్చునేవాణ్ణి.

ఆ కూర్చోవడంలోనే మొదటిసారి విన్నాను. షడ్జం పక్కనే ఒదిగి ఉండాల్సిన రిషభాన్ని పిల్లలంతా కాస్త పైకి పట్టుకుంటున్నారు. ఇన్నాళ్ళూ నా గొంతు కింద అది నాకు వినపడలేదు. నా శ్రుతి వాళ్ళకు అందడం లేదనీ అప్పుడే తెలిసింది.

రెండోసారి పరీక్షలో, బందరులో, బెంచీల మీద కొత్త పిల్లలు. ముందు వాళ్ళ గొంతు అడిగి దానికి తగ్గట్టు శ్రుతి పెట్టాను. ఒకసారి పాడి ఆపేశాను.

"ఏమయ్యా, మరిచిపోయావా?" అన్నారు పరీక్ష చేసే ఆయన.

"లేదండీ. వాళ్ళు పాడాలండీ."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా గొంతు లేవబోయింది. బుగ్గన వక్కపలుకు లేదు, నాలుకను పళ్ళ కింద పెట్టుకున్నాను. ఒక పిల్ల సన్నగా అందుకుంది, తరువాత మిగిలినవాళ్ళు. రిషభం పైకి పోయింది. అక్కడ ఆపి, అదొక్కటే దిద్ది, మళ్ళీ నోరు మూసుకున్నాను.

ప్యాసయ్యానని చెప్పడానికి గుడివాడ వెళ్తే ఆవిడ మార్కులు అడగలేదు.

"పిల్లలు పాడారా?"

"పాడారండీ."

"నువ్వో?"

"నోరు మూసుకున్నానండీ."

"అయితే మైకుసెట్టుకు కరెంటు పోయిందన్నమాట," అని లోపలికి వెళ్ళిపోయారు. శభాష్ అనలేదు. కాఫీ తీసుకొచ్చేలోపు నేనూ బస్టాండుకు వెళ్ళిపోయాను.

తరువాత మా వైపే బడిలో ఉద్యోగం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆవిడ చెప్పాపెట్టకుండా వచ్చి వరండాలో కూర్చున్నారు. పిల్లలు పాడుతున్నారు, నేను కిటికీ పక్కన నిలబడి వింటున్నాను. పాట అయ్యేదాకా ఆవిడ చెయ్యి ఒళ్ళో తాళం వేస్తూనే ఉంది. "బస్సుకు టైమైందయ్యా," అని లేచి వెళ్ళిపోయారు. పాట గురించి ఒక్క మాట అనలేదు. అదీ మరిచిపోలేదు. ఆ చేతినీ మరిచిపోలేదు.

ఇప్పటికీ జేబులో వక్కపలుకు ఉంటుంది. నమలను. ఇది మీ చెవిన కూడా పడితే, సభ కార్యదర్శిగారూ, మీ సభలో పాడేవాళ్ళంతా గొప్పవాళ్ళే, కాదనను. కానీ ఆవిడ నోటితో మెచ్చుకోకపోయినా, వచ్చి కూర్చుని చేత్తో తాళం వేసింది మా పిల్లల పాటకు. నేను వేదిక ఎక్కను. కింద నోరు మూసుకుని నిలబడతాను. పిల్లల్ని తీసుకురమ్మంటారా, వద్దంటారా? ఏదో ఒకటి ఈసారి పైకి చెప్పండి.