వెలుగు గళ్లలో అణువులు

గద్వాలలో మా అక్కకు పక్షవాతం వచ్చిందని తెలిసిన రోజు నేను బెంగళూరు ప్రయోగశాలలో అద్దాలు సరిచేస్తున్నాను. నన్ను పెంచింది అక్కే, మగ్గం మీద చీరలు నేసి. వారంలోపే ఉద్యోగం వదిలి వచ్చేశాను. వనపర్తిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ రోజూ బస్సులో తిరుగుతున్నాను.

ఆ ప్రయోగశాలలో నాలుగేళ్లు మేము ఒకే బొమ్మ కోసం ఎదురుచూశాం. లేజర్ కిరణాలను ఎదురెదురుగా పంపితే వెలుగుతోనే గళ్లు ఏర్పడతాయి. బాగా చల్లార్చిన అణువులు గడికొకటి చొప్పున కూర్చుంటాయి. ఒక్కో అణువూ ఒక చిన్న అయస్కాంతం. ఇంకా చల్లబడితే, ఒకటి పైకి చూస్తే దాని పక్కది కిందికి చూడాలి. మా అణువులు ఎప్పుడూ అంత చల్లబడలేదు.

ఒక ఆదివారం ఉదయం అక్కడి స్నేహితురాలు ఆ బొమ్మ పంపింది. కిందికి చూసేవాటిని తొలగించి తీసిన ఫోటో అది. గడి విడిచి గడిలో చుక్కలు, అక్కడక్కడా తప్పులతో.

"ఏంది గది?" అంది అక్క.

చెప్పాను. ఫోను ఎడమచేత్తో దగ్గరికి తీసుకుని చూసింది.

"మల్ల పోవాలనుందా?"

"లేదక్కా."

"అబద్ధమాడకు. చెయ్యి పడిపోయింది గాని కండ్లు పోలే నాకు. మగ్గం కనవడితె పాణం గుంజుతుందని ఆ అర్రకు తాళమేపిచ్చిన. నువ్వు గట్ల చెయ్యకు. జర పోయి చూసి రా."

దసరా సెలవుల్లో చిన్నమ్మను అక్క దగ్గర ఉంచి వెళ్లాను. నా బల్ల దగ్గర ఇప్పుడు వేరే అమ్మాయి ఉంది. ఆ వారం లేజర్ మొరాయించింది. ఇద్దరం కలిసి అద్దాల మరలు వెంట్రుకవాసి తిప్పుతూ, నడుములు నొప్పెట్టేదాకా వంగి పనిచేశాం. ఒక్క బొమ్మ కూడా రాలేదు. తిండి కూడా గుర్తురాలేదు నాకు. నేను ఇన్నాళ్లూ బెంగపడింది బొమ్మ కోసం కాదని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చాక అక్క అడిగింది, "కనవడ్డయా చుక్కలు?"

"లేదక్కా. మిషన్ ఖరాబైంది."

"మరి మొఖమేంది, గంత ఎలుగుతుంది?"

నవ్వాను. నవ్వుతుండగానే కళ్లు నిండాయి. అక్క అది చూసింది. "ఎండకాలం సెలవులెప్పుడు?" అని మాత్రం అడిగింది.