తూర్పుకు సరి, ఉత్తరానికి తప్పు

2018 అక్టోబరు 22, సోమవారం. ఉదయం ఎనిమిదింటికి విశాఖ రేవులో ఒక టగ్‌బోటు ఎక్కాను. పెద్ద ఓడలను లాగే పడవ అది. నా పని గైరో కంపాస్‌ల మరమ్మతు. ఇందులో అయస్కాంతం ఉండదు. భూమి తిరుగుడును పసిగట్టి ఉత్తరం చూపుతుంది. స్విచ్ వేశాక కుదురుకోవడానికి నాలుగు గంటలు పడుతుంది. దసరా పూజకు దాని మీద పెట్టిన గంధం, కుంకుమ ఇంకా ఉన్నాయి. అలవాటుగా దణ్ణం పెట్టుకుని స్విచ్ వేశాను.

పడవ నడిపే సరంగు అప్పన్నది మల్కాపురం. ఉత్తరంగా పది కిలోమీటర్లు వెళ్లేసరికి పడవ వంద మీటర్లకు పైగా సముద్రం వైపు జరుగుతోందని జీపీఎస్ రికార్డులో తేలింది. తాగి నడుపుతున్నాడని పడవ కంపెనీ మేనేజరు అనుమానం. కంపాస్‌లో లోపం లేదని నేను రాసిస్తే బుధవారం నుంచి అప్పన్నకు పని లేదు.

"తూరుపుకెల్తే బుద్ధిగానే ఉంటాదమ్మా. ఉత్తరానికి తిప్పితేనే పెంకితనం సేత్తాది," అన్నాడు.

"దిక్కును బట్టి యంత్రానికి బుద్ధి మారదు, అప్పన్నా."

"మరి నాకు మారతాదేటి? తాగినోడు తూరుపుకి మాత్రం తిన్నగా ఎల్తాడా?"

కంపాస్ కుదురుకునే దాకా ఆగాను.

పన్నెండున్నరకు పరీక్షించాను. పడవలు కట్టే జెట్టీ అంచు ఏ దిక్కుకు ఉందో రేవు పటంలో ఉంటుంది. ఉత్తరంగా కట్టిన పడవలో కంపాస్ 1.3 డిగ్రీలు తక్కువ చూపింది. పడవ తూర్పు ముఖంగా ఉండేలా ఇంకో జెట్టీకి మార్పించాను. తేడా సున్నా. మళ్లీ ఉత్తరానికి తెప్పించాను. మళ్లీ 1.3. మోటారు, బేరింగులు, కరెంటు అన్నీ సరిగానే ఉన్నాయి. ఏమీ అర్థం కాలేదు. ఫారంలో "నడిపేవారి పొరపాటు" అని రాయబోయి ఆగాను. కట్టేసిన పడవను ఎవరు నడిపారు?

నోటుపుస్తకం తీశాను. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. ఆ వేగం భూమధ్యరేఖ దగ్గర గంటకు సుమారు 1670 కిలోమీటర్లు, విశాఖ దగ్గర 1590. ఓడల వేగం కొలిచే నాట్లలో చెప్తే 858. పడవ ఉత్తరానికి వెళ్తే దాని వేగం కూడా కలిసి కంపాస్ కాస్త పక్కకు జరుగుతుంది. తూర్పుకు వెళ్తే జరగదు. దీన్ని సరిచేయడానికి పడవ వేగాన్ని ఒక డయల్ మీద పెడతారు. కట్టేసిన పడవకు వేగమే లేదు; అయినా 1.3 డిగ్రీలు సరిచేస్తోందంటే డయల్ ఎంత వేగం మీద ఉన్నట్టు? లెక్క మూడుసార్లు వేశాను. మూడుసార్లూ 20 నాట్లే. ఈ టగ్ పన్నెండు దాటదు.

"స్పీడ్ డయల్ ఎక్కడ, అప్పన్నా?"

"బొట్టు కిందమ్మా."

తడిగుడ్డతో గంధం తుడిచాను. ముల్లు 20 మీద ఉంది.

"ఎవరు తిప్పారు?"

"ఎవులూ తిప్పలేదమ్మా. ఎప్పుడూ పది మీదే ఉంటాది. పూజకి నానే తుడిసినాను..." అని ఆగాడు. "కొంచెం గట్టిగా తుడిసినాను."

ఉన్నదున్నట్టు రాశాను: పూజకు తుడిచినప్పుడు డయల్ కదిలింది, నడపడంలో తప్పు లేదు. బుధవారం అప్పన్నే పడవ తీశాడు.

భూమి వేగం లెక్కగట్టాను గానీ, పొద్దున దణ్ణం పెట్టిన బొట్టు కింద ఏముందో చూడలేదు. ఇప్పుడు ఏ యంత్రం దగ్గరైనా ముందు అంకెలు రాసుకుంటాను. దణ్ణం తరవాత.